ఆయాసానికి అర్థం ఎవరు చెప్పాలి?

'అరుదైన జబ్బు' అనే మాటతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. ఆ మాట పడిందంటే చర్చ అయిపోయినట్టే లెక్క. కిందటేడు హనుమకొండలో స్త్రీల ఆరోగ్యం మీద ఒక సమావేశం జరిగింది. ఊపిరితిత్తుల నిండా గాలి తిత్తులు ఏర్పడే జబ్బుల గురించి, స్త్రీలలో వాటిని గుర్తించడానికి ఏళ్ళకేళ్ళు ఎందుకు పడుతోందనే దాని గురించి నేను పది నిమిషాలు మాట్లాడాను. వేదిక మీదున్న ఒక సీనియర్ డాక్టరు గారు నవ్వుతూనే అందుకున్నారు. "మేడమ్, మన ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది, టీబీ ఉంది. పది లక్షల మందిలో ఏ అయిదుగురికో వచ్చే జబ్బు గురించి మానుకోటలో మాట్లాడటం విలాసం కదా!" చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్ళలో స్త్రీలే ఎక్కువ.

భోజనాల వేళయిందని నాకు మళ్ళీ మైకు ఇవ్వలేదు. ఆయనకు చెప్పాల్సిన సమాధానం ఇక్కడ రాస్తున్నాను.

నేను వైద్యం చదవలేదు. సాహిత్యంలో పరిశోధన చేసి పేరుముందు 'డా.' తగిలించుకున్నదాన్ని. మా మహబూబాబాద్ వైపు ఊళ్ళలో ఆ అక్షరం చూసి బీపీ చూడమని చెయ్యి చాపినవాళ్ళున్నారు. నాకొచ్చిన పని చదవడం ఒక్కటే. మా పెద్దమ్మ కూతురి దగ్గర ఎనిమిదేళ్ళ పాటు ఒక పాలిథిన్ కవర్లో పోగుపడ్డ ఆసుపత్రి కాగితాలన్నిటినీ తారీఖుల వారీగా పేర్చి చదివాను. అక్క పేరు రాయొద్దంది, రాయను. కానీ ఆ కాగితాల్లో ఏముందో చెప్పమంది.

ముందు జబ్బు సంగతి చెప్పుకోవాలి. ఊపిరితిత్తిలో పలచటి గోడతో, లోపల గాలి తప్ప ఏమీ లేని గుండ్రటి ఖాళీ ఏర్పడితే దాన్ని సిస్ట్ అంటారు. తిత్తి అనుకుందాం. గోడ మందం మామూలుగా 2 మిల్లీమీటర్లకు మించదు. ఒకటీ అరా ఉంటే వయసు మీదపడి వచ్చినవి కావచ్చు. రెండు పక్కలా పదులకొద్దీ ఉంటే మాత్రం వెనకాల ఏదో ఉన్నట్టే. పెద్దవాళ్ళలో ఎక్కువగా అనుమానించేవి నాలుగు. మొదటిది లింఫాంజియోలియోమయోమటోసిస్. నోరు తిరగని పేరు, అందుకే లామ్ అంటారు. ఇది దాదాపుగా స్త్రీలకే, అందులోనూ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్ళకే వస్తుంది. తిత్తులు ఊపిరితిత్తుల నిండా, కిందా మీదా తేడా లేకుండా, గుండ్రంగా ఉంటాయి. రెండోది లాంగర్‌హాన్స్ కణాల జబ్బు. అది దాదాపు పూర్తిగా పొగతాగేవాళ్ళది. తిత్తులు వంకరటింకరగా, పైభాగంలో ఎక్కువగా కనిపిస్తాయి. మూడోది బర్ట్-హాగ్-డ్యూబే. వంశంలో వస్తుంది, ముఖం మీద చిన్న చిన్న పొక్కులుంటాయి, ఇంట్లో ఇంకెవరికో కూడా ఊపిరితిత్తి చిట్లి ఉంటుంది, కిడ్నీలో కేన్సర్ వచ్చే ప్రమాదమూ ఉంది. నాలుగోది కళ్ళూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బుతో కలిసి వచ్చేది. ఇదీ ఎక్కువగా స్త్రీలదే.

చిక్కేమిటంటే ఛాతీ ఎక్స్‌రేలో ఈ తిత్తులు చాలాసార్లు కనబడవు. సన్నటి పొరలుగా తీసే హెచ్‌ఆర్‌సీటీ కావాలి. సీటీ తీసినా, చూసే కళ్ళకు తెలియకపోతే 'ఎంఫసీమా' అని రాసి పంపిస్తారు. అందులోనూ గాలి ఖాళీలే ఉంటాయి కానీ వాటికి గోడ ఉండదు. ఆ పలచటి గోడ ఉందా లేదా అన్న తేడా మీద ఒక మనిషి పది పదిహేనేళ్ళ బతుకు ఆధారపడి ఉంటుంది.

ఇక 'అరుదు' అనే లెక్క. లామ్ పది లక్షల మంది స్త్రీలలో 3 నుంచి 8 మందికి ఉంటుందని చాలాకాలం అన్నారు. సీటీలు ఎక్కువగా తీస్తున్న దేశాల్లో తర్వాత కట్టిన లెక్కలు 20 దాకా వెళ్ళాయి. ఆడవాళ్ళ ఒళ్ళు మారలేదు, చూడటం పెరిగింది. 2016 అక్టోబరులో వరంగల్ నుంచి విడిపోయిన మా మహబూబాబాద్ జిల్లా జనాభా, 2011 లెక్కల ప్రకారం, 7.7 లక్షల పైచిలుకు. సగం మంది ఆడవాళ్ళు. డాక్టరు గారి లెక్కే పట్టుకున్నా, కొత్త లెక్క పట్టుకున్నా, మా జిల్లాలో ఒకరి నుంచి ఏడుగురి దాకా ఉండాలి. మా అక్క ఒకతె. మిగతావాళ్ళు ఏ టీబీ కార్డు మీద, ఏ ఇన్‌హేలర్ చీటీ మీద, ఏ నిద్రమాత్రల చీటీ మీద ఉన్నారు? ఉన్నారో పోయారో?

అక్కకు ఆయాసం మొదలైంది 2014లో, రెండో కాన్పు అయిన ఏడాదికి. అప్పటికి 31 ఏళ్ళు. మిర్చి తోటలో బుట్ట ఎత్తుకుని గట్టుదాకా వచ్చేసరికి దమ్ము ఎగపోసేది. ఊళ్ళో ఆర్‌ఎంపీ రక్తం తక్కువుందని బలానికి సెలైన్ ఎక్కించాడు. తర్వాత మానుకోటలో ఒక క్లినిక్‌లో ఆస్తమా అన్నారు. ఇన్‌హేలర్ రెండేళ్ళు పీల్చింది. తగ్గలేదు. తగ్గలేదని చెప్పినప్పుడల్లా "నువ్వు సరిగా పీల్చట్లేదు" అన్నారట. మందు పనిచెయ్యకపోతే తప్పు మందుది కావచ్చు, రోగనిర్ధారణది కావచ్చు అనే ఆలోచన ఆ చీట్లలో ఎక్కడా లేదు. తప్పు పీల్చడం రాని ఆడదానిదే.

2017 ఎండాకాలంలో ఒకరోజు కుడిపక్క పొడిచినట్టయి కూలబడింది. ఊపిరితిత్తి చిట్లి గాలి ఛాతీలోకి చేరింది. న్యూమోథొరాక్స్ అంటారు. ఒక పెద్దాసుపత్రిలో పక్కటెముకల మధ్య గొట్టం వేసి గాలి తీశారు. ఊపిరితిత్తి ఎందుకు చిట్లిందని వెతకలేదు. తెమడ రెండుసార్లు పరీక్షించారు, రెండుసార్లూ క్రిమి లేదు. అయినా టీబీ మందులు ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ అత్తగారింట్లో ఆమె కంచం, గ్లాసు వేరు. నాలుగేళ్ళ పిల్లాడిని పక్కలో పడుకోబెట్టుకోనివ్వలేదు. లేని జబ్బుకు వెలి!

2019లో ఎడమ పక్క చిట్లింది. మళ్ళీ గొట్టం. ఈసారి చీటీ మీద 'యాంగ్జైటీ' అన్న మాట చేరింది, దానికో మాత్ర చేరింది. 2021 మేలో కోవిడ్ రెండో అల. ఊరంతా సీటీలకు పరుగెత్తిన రోజులవి. అక్కకూ తీశారు. ఆ రిపోర్టులో నాలుగో వరుసలో ఉంది: రెండు ఊపిరితిత్తుల్లోనూ పలచటి గోడలున్న అనేక తిత్తులు. చూసిన డాక్టరు కోవిడ్ స్కోరు చూసి, "కరోనా లేదు, ఇంటికి పో" అన్నాడు. యంత్రం చూసింది, టైపు చేసిన మనిషి రాశాడు, చదవాల్సిన మనిషి చదవలేదు. ఆ కాగితం మరో ఏడాది పాలిథిన్ కవర్లోనే ఉండిపోయింది.

2022లో హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ ఆ కవరు మొత్తం బల్లమీద కుమ్మరించి, అక్కను కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది. అంతకుముందు ఎనిమిదేళ్ళలో ఎవరూ ఆమెను కూర్చోమన్లేదట. "చెల్లె, ఆమె నన్ను పెండ్లిచూపుల లెక్క అన్నీ అడిగింది" అని నవ్వింది అక్క. జబ్బు పేరు ఆరోజే తెలిసింది.

ఇక్కడ నేను నా పరిధిలోకి వస్తాను. అక్క ఎనిమిదేళ్ళూ చెప్పిన మాటలు వేరు, కాగితాల మీద పడిన మాటలు వేరు. అక్క అన్నది, "దమ్మొస్తాంది సార్". మా దగ్గర దమ్ము అంటే ఊపిరి, దమ్ము అంటే ఆయాసం, దమ్ము అంటే ఆస్తమా కూడా. డాక్టరు మూడోది రాసుకున్నాడు. "పక్కలో ఏదో తెగినట్టయితాంది" అంటే 'ఒళ్ళు నొప్పులు' అయింది. "నిలబడితే బాగనే ఉంటది, బరువెత్తితే ఊపిరాడ్తలేదు" అన్నది రోగనిర్ధారణకు పనికొచ్చే వాక్యం. అది ఏ చీటీ మీదా లేదు. మాండలికం అర్థం కాకపోవడం ఒక్కటే కారణమైతే అడిగి తెలుసుకోవచ్చు. ఆడమనిషి చెప్పేదాంట్లో సమాచారం ఉండదు, గోడు మాత్రమే ఉంటుందనే నమ్మకం దాని వెనకాల ఉంది.

ఆ నమ్మకం వైద్య కళాశాలల్లోనే పుట్టిందని నేననను. మన సాహిత్యం దానికి చాలా సాయం చేసింది. మన కావ్యాల్లో స్త్రీ ఊపిరికి దొరికిన చోటు ఎంత? నిట్టూర్పు. విరహిణి వేడి నిట్టూర్పులకు పూలు వాడిపోతాయి, గంధం ఎండిపోతుంది. ఆమె ఎందుకు ఊపిరి బరువుగా తీస్తోందో కవికి ముందే తెలుసు, నాయకుడు రాలేదు కాబట్టి. వేరే కారణం ఉండే వీలే లేదు. ఆధునిక సాహిత్యానికొస్తే క్షయ. దగ్గుతూ, చిక్కిపోతూ, మరింత అందంగా అయిపోతూ చచ్చిపోయే కథానాయికలు ఒక తరం నవలల నిండా ఉన్నారు. జబ్బును ఇలా అలంకారంగా వాడటం రోగికి ఎంత హాని చేస్తుందో సుజాన్ సొంటాగ్ 1978లోనే, క్షయనూ కేన్సర్‌నూ పక్కపక్కన పెట్టి రాసింది. ఆడవాళ్ళ ఆయాసాన్ని పరీక్షకు ముందే మనసుకు అంటగట్టే డాక్టరు ఏ కావ్యమూ చదివి ఉండకపోవచ్చు. కానీ ఆయనకు ఆ చదువు గాలిలోంచే అందింది.

మనసు కాకపోతే గర్భసంచి. ఇది రెండో దారి. హిస్టీరియా అనే మాటా, హిస్టరెక్టమీ అనే మాటా గర్భాశయానికున్న ఒకే గ్రీకు పేరు నుంచి పుట్టాయి. ఒకటి ఆమె చెప్పేది కొట్టిపారెయ్యడానికి, ఇంకోటి కోసి పారెయ్యడానికి!

2016లో అక్కకు కడుపునొప్పి వస్తే స్కానింగ్ తీసి, గర్భసంచి 'వాచింది' అన్నారు. 33 ఏళ్ళకే గర్భసంచి, దాంతోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఇందులో అక్క ఒంటరి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. సరే, ఆ యుద్ధం ఈ పత్రికల పాఠకులకు కొత్త కాదు. నేను చెప్పదల్చుకున్నది ఆ స్కానింగ్ రిపోర్టు చివరి వరుస గురించి. కుడి కిడ్నీలో తెల్లగా మెరుస్తున్న 2 సెంటీమీటర్ల గడ్డ, కొవ్వు గడ్డ కావచ్చు, సీటీతో సరిచూడాలి, అని ఉంది. ఎవరూ సరిచూడలేదు. నొప్పికి కారణం అదేనని నేననను. కానీ లామ్ ఉన్న స్త్రీలలో దాదాపు మూడోవంతు మందికి కిడ్నీలో ఆంజియోమయోలిపోమా అనే ఈ కొవ్వు గడ్డ ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆ రకం తిత్తులు, కిడ్నీలో ఈ గడ్డ రెండూ ఉంటే ముక్క కోసి పరీక్షించకుండానే జబ్బు ఖాయం చెయ్యొచ్చు. డాక్టరమ్మ చేసిందదే. అంటే సగం సాక్ష్యం 2016 నాటికే కాగితం మీద ఉంది. గర్భసంచి కోసం వెతుకుతున్న కళ్ళకు కిడ్నీ ఆనలేదు.

ఇంకో చేదు సంగతి. ఈ జబ్బుకు ఈస్ట్రోజన్‌తో సంబంధం ఉందని తెలిశాక, 1980లలో పశ్చిమ దేశాల్లో కూడా మందు పేరుతో అండాశయాలు తీసేశారు, ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్లు పొడిచారు. ఉపయోగం ఉందని రుజువు కాలేదు. 2010లో యూరప్ వైద్యులు మార్గదర్శకాలు రాసుకున్నప్పుడు అండాశయాలు తీయొద్దని రాసుకున్నారు. ఆడవాళ్ళ జబ్బు అనగానే చెయ్యి కటికి పొత్తికడుపు వైపే పోయే అలవాటు మానుకోటదే కాదన్నమాట.

డాక్టరమ్మ ఆ అరగంటలో ఏమడిగింది? అక్క చెప్పగా రాసుకున్నాను. ఎప్పుడైనా పొగ తాగావా? ఇంట్లో ఎవరికైనా ఇలా ఊపిరితిత్తి చిట్లిందా? చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయా? ముఖం మీద, గోళ్ళ పక్కన పొక్కులు, ఒంటి మీద తెల్లమచ్చలు ఉన్నాయా? ఇవి ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే వంశపారంపర్య జబ్బు కోసం. ఆ జబ్బున్న స్త్రీలలో లామ్ చాలా ఎక్కువ. కళ్ళు, నోరు ఎండిపోతున్నాయా? ఆయాసం కాన్పుకు ముందా, తర్వాతా? గర్భనిరోధక మాత్రలు వాడావా? గర్భసంచి తియ్యకముందు నెలసరి రోజుల్లో ఛాతీ నొప్పి ఎక్కువయ్యేదా? ఈ చివరి ప్రశ్న ఇంకో జబ్బు కోసం. గర్భసంచి లోపలి పొర లాంటిది ఛాతీలో పెరిగి, నెలసరి మొదలైన రెండు మూడు రోజుల్లోనే ఊపిరితిత్తి చిట్లిపోయే స్త్రీలున్నారు. నెలసరి తారీఖు అడిగితే చాలు, అనుమానం వస్తుంది. ఛాతీ డాక్టరు నెలసరి గురించి అడగడు. ఆమె మగ డాక్టరుకు తనంతట తాను చెప్పదు.

పదమూడు పద్నాలుగు ప్రశ్నలు. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. తర్వాత సీటీ, ఊదే పరీక్ష. విదేశాల్లో వీఈజీఎఫ్-డి అనే రక్తపరీక్ష కూడా ఉంది, 800 పికోగ్రాములు దాటితే లామ్ అని తేల్చేస్తారు, కోత తప్పుతుంది. అది జిల్లా కేంద్రాల్లో దొరికేది కాదు. ప్రశ్నలు దొరుకుతాయి కదా?

అయితే ఆ ప్రశ్నలు అడగాలంటే ఎదురుగా ఉన్న మనిషికి ఒక జీవితం ఉందని ముందు ఒప్పుకోవాలి. అక్క కవర్లో ఉన్న పదకొండు ఆసుపత్రి కాగితాల్లో, 'వృత్తి' అన్న గడి ఉన్న ప్రతిదాంట్లోనూ ఒకటే మాట: హౌస్‌వైఫ్. జనవరి నుంచి మార్చి దాకా మిర్చి ఏరి, ఆరబోసి, తొడిమలు తీసి, ఆ ఘాటు దుమ్ములో తుమ్ముతూ పనిచేసే మనిషి. దానికిముందు పత్తి ఏరే మనిషి. పెళ్ళయినప్పటి నుంచి కట్టెల పొయ్యి ఊదిన మనిషి. ఊపిరితిత్తుల డాక్టరుకు ఆ గడికంటే ముఖ్యమైన గడి ఇంకోటి ఉంటుందా? లామ్ దుమ్ముతో రాదు, నిజమే. కానీ దుమ్ముతో వచ్చేదేదో, పొగతో వచ్చేదేదో, ఇవి రెండూ కానిదేదో విడదీయాలంటే ఆ గడి నిజం చెప్పాలి. బీడీ ముట్టని ఆడవాళ్ళకు పొయ్యి పొగ వల్ల సీఓపీడీ వస్తుందని ఎప్పుడో తేలింది. కేస్‌షీటులో పొయ్యి లేదు, చేను లేదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు చేసిన పని, సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ ముందు కూర్చుని వాళ్ళను వాళ్ళ మాటల్లోనే చెప్పనివ్వడం. డాక్టర్లు కూడా తాము చేసే పనిని 'హిస్టరీ తీసుకోవడం' అనే అంటారు. చరిత్ర తీసుకునే పద్ధతి మన దగ్గరుంది, నలభై ఏళ్ళుగా ఉంది. ఆ పద్ధతి ఓపీ గది గుమ్మం దాటలేదు.

టీబీ గురించి కూడా ఒకమాట అనక తప్పదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగోవంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. ఊపిరితిత్తి చిట్లిన మనిషిని చూసి మన డాక్టరుకు మొదట టీబీ గుర్తురావడం న్యాయమే. నా అభ్యంతరం మొదటి అనుమానం మీద లేదు. క్రిమి దొరక్కపోయినా, మందు పనిచెయ్యకపోయినా రెండో అనుమానం పుట్టకపోవడం మీద ఉంది. దీనికి మూల్యం ఉంది. లామ్ వల్ల ఒకసారి ఊపిరితిత్తి చిట్లితే, అది మళ్ళీ చిట్లే అవకాశం నూటికి డెబ్భైకి పైనే. అందుకే మొదటిసారే పొరలను అతికించే ప్లూరోడెసిస్ చెయ్యాలంటారు. జబ్బు పేరు తెలిసేలోపు ఈ స్త్రీలకు సగటున రెండున్నర సార్లకు పైగా ఊపిరితిత్తి చిట్లుతోందని అమెరికాలో రోగులను అడిగి లెక్కగట్టారు. అంటే అక్కడ కూడా మొదటిసారి ఎవరూ అడగడం లేదు.

పరిస్థితి కాస్తయినా మారింది స్త్రీల వల్లే. సిన్సినాటిలో స్యూ బర్న్స్ అనే తల్లి, తన కూతురికి ఈ జబ్బని తెలిశాక, 1995లో లామ్ ఫౌండేషన్ పెట్టింది. దేశంలో ఒక్కొక్కరుగా, ఒకరికొకరు తెలియకుండా ఉన్న రోగులను ఒకచోటికి తెచ్చింది. మందు పరీక్షించాలంటే రోగులు కావాలి, 'అరుదైన' రోగులు అలా దొరికారు. 89 మంది స్త్రీలతో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళ ఊపిరి సామర్థ్యం నెలకు 12 మిల్లీలీటర్ల చొప్పున తగ్గిపోతే, సిరోలిమస్ తీసుకున్నవాళ్ళది నిలబడింది. 2015లో అమెరికా దాన్ని ఈ జబ్బుకు మందుగా ఆమోదించింది. ఆ మందు కథ కూడా దూరపుదేమీ కాదు. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని వెలికితీసిన బృందానికి పెద్ద సురేంద్రనాథ్ సెహగల్, మన ఉపఖండంలో పుట్టినవాడు. కంపెనీ ఆ పని ఆపేస్తే ఆ సూక్ష్మజీవిని ఇంట్లో ఫ్రీజర్‌లో దాచాడని చెప్తారు. మందు జబ్బును నయం చెయ్యదు, ఆపుతుంది. మానేస్తే మళ్ళీ జారుడు మొదలు. అందుకే ఎంత ముందు పట్టుకుంటే అంత ఊపిరి మిగులుతుంది. అక్కకు 2014లో ఉన్న ఊపిరి 2022లో లేదు. పోయిన దాన్ని ఏ మందూ తిరిగివ్వదు. రక్తహీనత ముందా, లామ్ ముందా అని అడిగే డాక్టరు గారికి ఈ ఎనిమిదేళ్ళ ఊపిరి ఏ పద్దు కింద రాసుకోవాలో తెలుసా?

"అయితే దగ్గొచ్చిన ప్రతి ఆడదానికీ సీటీ తియ్యమంటారా?" అని కూడా ఆ సభలో ఒకాయన అడిగాడు. అనను. పొగతాగని, 25 నుంచి 54 ఏళ్ళ స్త్రీకి కారణం లేకుండా ఊపిరితిత్తి చిట్లితే సీటీ తియ్యడం ఖర్చుకు తగిన పనేనని అమెరికాలో 2010లోనే లెక్కగట్టారు. అలాంటి స్త్రీలలో ఇరవైమందిలో ఒకరికి లామ్ ఉండొచ్చని వాళ్ళ అంచనా. ఇంకా ఎవరికి? క్రిమి దొరక్కుండానే టీబీ మందులు పూర్తిగా వాడి, ఆయాసం అలాగే ఉన్న స్త్రీకి. ఏడాది ఇన్‌హేలర్ పీల్చినా తగ్గని చిన్నవయసు స్త్రీకి. కిడ్నీలో కొవ్వు గడ్డ కనిపించిన స్త్రీకి. ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉన్న స్త్రీకి. ఒక జిల్లాలో ఏడాదికి ఇలాంటివాళ్ళు ఎందరుంటారు? ప్రతి ఊళ్ళో కోవిడ్ పేరుతో అక్కరున్నా లేకున్నా సీటీలు తీసిన దేశం మనది. 2022 నుంచి మహబూబాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడ చదివే పిల్లలకు ఈ ప్రశ్నలు తెలుగులో, మా యాసలో అడగడం నేర్పితే పైసా ఖర్చు లేదు.

2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం 'ఆరోగ్య మహిళ' పథకం మొదలుపెట్టింది. మంగళవారాలు ఆడవాళ్ళ కోసం ప్రత్యేక క్లినిక్. మంచిదే, కావాల్సిందే. ప్రకటించిన సేవలు చూడండి: కేన్సర్ పరీక్షలు, నెలసరి సమస్యలు, సంతానలేమి, పీసీఓఎస్, మెనోపాజ్, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, పోషకాల లోపాలు, బరువు. ఊపిరితిత్తులకు ప్రత్యేకంగా చోటు లేదు. మహిళా ఆరోగ్యం అంటే గర్భసంచి, దాని చుట్టుపక్కల అవయవాలు అనే భావన ఆడవాళ్ళ కోసం పెట్టిన పథకంలోకి కూడా ఎంత సహజంగా వచ్చి కూర్చుందో! మన స్త్రీవాద ఆరోగ్య చర్చల్లోనూ అంతే. 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకం తెచ్చుకున్నవాళ్ళం, ఆ సందేహాల్లో ఊపిరికి ఎన్ని పేజీలు ఇచ్చుకున్నామో మనమూ ఒకసారి తిరగేసి చూసుకోవాలి. ఊపిరి తీసుకోవడం మగవాళ్ళ పనేమీ కాదు కదా.

అక్క ఇప్పుడు సిరోలిమస్ మీద ఉంది. మొదలుపెట్టే ముందు టీబీ నిజంగా లేదని మళ్ళీ సరిచూశారు, ఎందుకంటే ఈ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. నోట్లో పుండ్లు పడతాయి, కొవ్వు పెరుగుతుంది. మూడు నెలలకోసారి రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాలి, రక్తంలో మందు మోతాదు చూపించుకోవాలి. మిర్చి చేలకు పోవడం మానేసింది. ఊదే పరీక్షలో అంకెలు మూడేళ్ళుగా పెద్దగా పడిపోలేదు.

కూతురు ఇంటర్‌లో చేరింది. ఆ పిల్లకు కూడా ఈ జబ్బు వస్తుందేమోనని అత్తగారి వైపు ఇప్పటికే మాటలు పడుతున్నాయి. డాక్టరమ్మ అక్క ఒళ్ళంతా చూసి, తలకూ స్కాన్ తీయించి, ట్యూబరస్ స్క్లెరోసిస్ లక్షణాలు లేవనీ, అది లేకుండా వచ్చే లామ్ తల్లి నుంచి పిల్లలకు రాదనీ చెప్పింది. నోటిమాట చాలదని అక్క పట్టుబట్టి రాయించుకుంది. తెలుగులో రాయించుకుంది. మిగతా కాగితాలన్నీ నాకిచ్చేసింది కానీ ఆ ఒక్కటీ ఇవ్వలేదు. పిల్ల పెళ్ళిమాటలప్పుడు ఎవరైనా అడిగితే చూపించాలట.